వీపు తిప్పి పంచిన మందు

మా నాయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. ఎనభైల మొదట్లో ఆయన పెళ్లికి పోయినా, బస్సెక్కినా, టీ అంగడి దగ్గర నిలబడినా కుడిచేతిలో చిన్న సుత్తి ఒకటి ఉండేది. చూసినవాళ్లకు అదొక వేడుక. టీ గ్లాసుకు కూడా కండ్లు పెడతావా అన్నా అని ఏడిపించేవాళ్లు. నాయన వాళ్లతో కలిసి నవ్వేవాడు గానీ సుత్తి కింద పెట్టేవాడు కాదు. పెడితే చెయ్యి వణుకుతుంది.

ఆ వణుకుది అంతా తిరకాసు. పని చేసేటప్పుడు రాదు. ఉలి మీద సుత్తి పడుతున్నంతసేపూ చెయ్యి నిలకడగా ఉండేది. పని ఆపి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడో, బొటనవేలూ చూపుడువేలూ కలిసి బీడీ చుట్టినట్టు ఆడడం మొదలు. పనిలేకుండా కూర్చున్నవాళ్లకే వచ్చే జబ్బయితే మంచిదే, ఈ ఇంట్లో ఇంకా కొందరికి రావాలి అనేది మా అమ్మ. అంటూ నా వైపే చూసేది.

నిజానికి నేనప్పుడు ఊరికే కూర్చోలేదు. నంద్యాలలో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. ముగించి, అక్కడే ఒక డాక్టరు నడిపే చిన్న ఆసుపత్రిలో రక్తం, మూత్రం పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. ఆయన మద్రాసులో నరాల జబ్బుల చదువు చదివి సొంత ఊరికే తిరిగొచ్చినవాడు. ఆయనకొక చెడ్డ అలవాటు ఉండేది. బుర్రలో ఏదైనా ఆలోచన మెరిస్తే ఎదురుగా ఉన్న రోగిని నాలుక చాపినవాణ్ణి చాపినట్టే వదిలేసి నా గదిలోకి పరుగెత్తుకొచ్చేవాడు. నాదీ అదే తంతు. ఇద్దరం ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుకుంటుంటే, లోపల తగాదా జరుగుతోందని బయట బెంచీ మీదివాళ్లు లేచి చూసేవాళ్లు.

నాయనను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది నేనే. నడిపించి చూశాడు, చొక్కా గుండీలు పెట్టించి చూశాడు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయమన్నాడు. నాయన గీత గీయకుండా శంఖం వేసి ఇచ్చాడు. బాగుంది గానీ మొదలుపెట్టినంత పెద్దగా చివర లేదు, పోనుపోను కుంచించుకుపోయింది. డాక్టరు ఆ శంఖాన్నే చూస్తూ పార్కిన్సన్ జబ్బని చెప్పాడు. మెదడులో ఒక మూల ఉండే కణాలు చెడిపోతాయి, వాటితోపాటు కాళ్లకూ చేతులకూ చురుకునిచ్చే సరుకూ తగ్గిపోతుంది అన్నాడు. దీనికి పెద్ద మందు ఉంది గానీ కొన్నేళ్లకు దాని పదును తగ్గుతుంది కాబట్టి దాన్ని తర్వాతికి దాచుకుందామన్నాడు.

నాయన అడిగింది ఒక్కటే. ఆత్మకూరు దగ్గరి ఒక ఊరివాళ్లు కొత్త గుడికి అమ్మవారిని చెక్కమని ఆయనకు అప్పగించి ఉన్నారు. విగ్రహం ఎవరు చెక్కినా కండ్లు మాత్రం ప్రతిష్ఠ నాడు, ఊరంతా చేరాక, తెరచాటున పెద్ద శిల్పి చేత్తోనే తెరవాలి. అంతవరకు అది రాయి, ఆ తర్వాతే దేవత. ఆ ఊరి పెద్దమనుషులు టీ అంగడి దగ్గర నాయన చేతిని ఒకసారి చూసి, వణికే చేత్తో కండ్లు తెరిపిస్తే ఊరికి అరిష్టమేమోనని అప్పటికే గుసగుసలు పెట్టారు.

"అమ్మ కండ్లు నేనే తెరవాల సామీ. అంతవరకు నిలుస్తాదా ఈ చెయ్యి?" అన్నాడు.

డాక్టరు ఉన్నదున్నట్టు, తెలియదన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత కొన్ని నెలలకు డాక్టరు మళ్లీ నా గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. ఈసారి చేతిలో ఒక వైద్య పత్రిక. శరీరంలో ఆక్సిజన్ చేసే పనే కొన్ని కణాలకు చేటు తెస్తుందని, మెదడులో ఆ మూలనున్న కణాలు అందుకే చెడుతున్నాయేమోనని బయటి దేశాల్లో అనుకుంటున్నారట. దాన్ని అడ్డుకునే గుణం విటమిన్ ఇ కీ, విటమిన్ సి కీ ఉంది. జబ్బు మొదట్లోనే వాటిని బాగా ఎక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే? కాలేజీలో బట్టీపట్టిన ఆక్సీకరణం ఉన్నట్టుండి మా నాయన చేతిలోకొచ్చి కూర్చుంది. ఆ రోజు పరీక్ష గొట్టం ఒకటి పగలగొట్టాను, తిట్టేవాళ్లు లేరు.

నాయనకు డాక్టరు తుప్పు అని చెప్పాడు. ఇనుముకు గాలి తగిలి తుప్పు పట్టినట్టు ఆ కణాలకు పడుతోంది, ఈ మందు ఉలికి రాసే నూనెలాంటిది అన్నాడు. పట్టిన తుప్పు పోతుందా అని నాయన అడిగాడు. పోదు, ఇంకా పట్టకుండా ఆపగలమేమో చూడాలి అన్నాడు డాక్టరు. ఆపితే చాలన్నాడు నాయన.

చూడాలంటే ఊరికే మందిస్తే చాలదు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇవ్వాలి. కర్నూలులో ఉన్న డాక్టరు స్నేహితుడొకాయన ఆ రెండూ తయారుచేయించి, సీసాల మీద నంబర్లు వేసి పంపాడు. ఏ నంబరులో ఏముందో ఆయనకే తెలుసు. పసుపుపచ్చ గోళీల్లో కొన్ని విటమిన్ ఇ, కొన్ని వట్టి వేరుశనగ నూనె. తెల్ల బిళ్లల్లో కొన్ని విటమిన్ సి, కొన్ని గంజిపిండి, పుల్లగా ఉండడానికి కాస్త నిమ్మఉప్పు. నంద్యాల నుంచి, డోన్ నుంచి, బేతంచెర్ల నుంచి కొందరు రోగులు చేరారు. ఆళ్లగడ్డ వైపు నుంచి కూడా ఒక జట్టు చేరింది. డాక్టరు అందరినీ వసారాలో కూర్చోబెట్టి సగం సగం సంగతి దాచకుండా చెప్పాడు. అందరూ తలలూపారు. తల ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు అని మాకిద్దరికీ ఆ వేళ తట్టలేదు.

నెలలు గడిచేకొద్దీ నాకు నేలమీద కాళ్లు ఆనలేదు. వచ్చిన ప్రతి రోగీ బాగుందనేవాడే. ఒకాయన గుండీలు తనే పెట్టుకుంటున్నానన్నాడు. ఇంకొకాయనకు నిద్ర బాగా పడుతోందట. మా నాయన శంఖం చివరిదాకా పెద్దగానే ఉంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. డాక్టరు ముఖంలో మాత్రం సంతోషంతోపాటు చిరాకు కనబడేది. నూనె తాగినవాళ్లకు కూడా బాగుంటే ఎట్లా, ఆళ్లగడ్డవాళ్లలో ఒక్కడికైనా తేడా ఉండాలి కదా అని గోడను అడిగేవాడు. కొత్త మందు మీద ఆశతో కొన్నాళ్లు అందరికీ బాగున్నట్టే ఉంటుందని ఆయనకు తెలుసు. అయినా ఆళ్లగడ్డ జట్టు మొత్తం ఒకే పాట పాడడం ఆయనకు నచ్చలేదు.

ఆ గుట్టు నాకు మా ఇంట్లోనే దొరికింది. మందులు ఇచ్చిన రోజు మధ్యాహ్నం వాళ్ల తర్వాతి బస్సులో నేనూ ఇంటికి పోయాను. నాయన విగ్రహాలు చెక్కే కొట్టంలో ఆళ్లగడ్డ జట్టంతా కూర్చుని ఉంది. మధ్యలో మా అమ్మ వడ్లు చెరిగే చేట. చేటలో పసుపు గోళీలన్నీ ఒక రాశి, తెల్ల బిళ్లలన్నీ ఒక రాశి. నల్లమల గూడెం నుంచి వచ్చి ఆ జట్టులో చేరిన చెంచు పెద్దాయన వాటిని చేత్తో బాగా కలిపి, కుప్పలు కుప్పలుగా సమానంగా పోగులు పెడుతున్నాడు. సీసాలన్నీ ఖాళీగా పక్కన పడి ఉన్నాయి.

సంచి కింద పడేసి తిట్లు లంకించుకున్నాను. ఎవరు చెప్పినా ఆగలేదు.

తిట్లు తగ్గాక సంగతి బయటపడింది. ఆ జట్టులో ఆళ్లగడ్డ కిరాణా అంగడాయన ఒకడున్నాడు. ఆయన మొదటి నెలలోనే ఒక గోళీ కొరికి చూసుకున్నాడు. జీవితమంతా నూనె అమ్మినవాడి నాలుక దగ్గర వేరుశనగ నూనె ఆటలు సాగుతాయా? నాకిచ్చింది మా అంగట్లో నూనే అని వచ్చి నాయన దగ్గర మొత్తుకున్నాడు. అక్కడే ఉన్న చెంచు పెద్దాయన అది విని నొచ్చుకున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు తాడు పట్టుకుని కొండ చరియల్లోకి దిగి తేనె పట్లు కోసినవాడు. ఇప్పుడు ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. అడవిలో తేనె దొరికినా, వేట దొరికినా, వచ్చినవాడికీ రానివాడికీ సమంగా పోగు పెట్టాల్సిందే. ఆయన అదే ఇక్కడా చేయించాడు. అప్పటినుంచి ప్రతి నెలా బస్సు దిగగానే కొట్టంలో చేట.

"ఒగనికి తేనె, ఒగనికి మైనమా? అట్ల పంచితే మా గూడెంలో ఉండనిస్తారా పాపా?" అన్నాడు పెద్దాయన నాతో.

మరుసటి రోజు డాక్టరుకు చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. ఆ ఏడాది డాక్టర్ల సభలో ఈ పని చెప్పాలని ఆయన ఎంత కలలు కన్నాడో నాకు తెలుసు. అందరికీ సగం మందు, సగం నూనె పడితే ఇంక దేనితో దేన్ని పోల్చేది? నెలల శ్రమ చేటలో కలిసిపోయింది. తలెత్తి, పోగులు ఎట్లా పెట్టారు, సరిసమానంగానే పెట్టారా అని అడిగాడు. అవునన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పద, ఆళ్లగడ్డకు పోదాం అన్నాడు.

కొట్టంలో రాతిపొడి మీదే కూర్చున్నాడు. ఆయన ఎవరినీ కసరలేదు. ఈ మందు మంచిదో కాదో తనకు తెలియదని, తెలుసుకోవాలంటే తినేవాళ్లూ తిననివాళ్లూ విడివిడిగా ఉండాలని మళ్లీ చెప్పుకొచ్చాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. అయితే మైనం ఎవరికి, తేనె ఎవరికి అని నువ్వే తేల్చినావు కదా అన్నాడు. తేల్చింది నేను కాదు, ఎవరి సీసాలో ఏముందో నాకూ తెలియదు, ఈ అమ్మాయికీ తెలియదు, సొంత నాయన సీసా సంగతే తెలియదు అన్నాడు డాక్టరు.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను తెలియదన్నట్టు తలూపాను.

"వీపు తిప్పి పంచినావా! ఆ మాట ముందే చెప్పుండాల గదా సామీ" అన్నాడు.

వాళ్ల పంపకంలో సగం సంగతే మేం చూశామని అప్పుడు తెలిసింది. పోగులు పెట్టడంతో పని అయిపోదు. ఎంత జాగ్రత్తగా పెట్టినా ఒక పోగులో ఎముక ఎక్కువ పడుతుంది, ఒక దాంట్లో కండ. అందుకని ఒకడు వీపు తిప్పి కూర్చుంటాడు. ఇంకొకడు పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిది అంటాడు. వీపు తిప్పినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. చెప్పినాక ఆ పోగు వాడిదే. అందులో ఏం పడినా నోరెత్తకూడదు. వెనక్కి తిరిగి చూస్తే పంపకం చెల్లదు. మన డాక్టరు మద్రాసులో చదివిందీ, పత్రికలు చూసి చేసిందీ సరిగ్గా అదే. ఆ సంగతి వింటూ ఆయన ఉన్నచోట ఉండలేకపోయాడు, లేచి కొట్టంలో అటూ ఇటూ తిరిగాడు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. కర్నూలు నుంచి కొత్త సీసాలొచ్చాయి. ఈసారి వసారాలో బెంచీ మీద వాటిని వరుసగా పెట్టి, పెద్దాయనను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాం. నేను ఒక్కో సీసా మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిది అన్నాను. ఆయన ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. కిరాణా అంగడాయన గోళీ కొరకనని తన తక్కెడ మీద ఒట్టు పెట్టాడు. డోన్ నుంచి, బేతంచెర్ల నుంచి వచ్చినవాళ్లకు చెంచుల పద్ధతి కొత్తే గానీ, ఒక్కరూ గొణగలేదు. మా నాయన తన సీసా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

ఆ క్షణం నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆ ఎండాకాలంలోనే ప్రతిష్ఠ. చేటలో కలుపుకున్నన్నాళ్లు నాయనకు సగమైనా పడింది. ఇప్పుడు పడితే పూర్తిగా, లేకుంటే సున్నా. నా దగ్గర ఉపాయం లేకపోలేదు. టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క చాలు. తెల్ల బిళ్ల నీళ్లలో కలిపి చుక్క వేస్తే, విటమిన్ సి అయితే చుక్క రంగు విరిగిపోతుంది. గంజిపిండి అయితే నల్లగా నీలమెక్కుతుంది, అంటే గోళీలో ఉన్నదీ నూనేనన్నమాట. ఆసుపత్రి నుంచి చిన్న సీసాలో అయోడిన్ తెచ్చుకుని ఇంటికి పోయాను. నాయనతో చెప్పాను కూడా. నూనె పడిందని తేలితే విటమిన్లు అంగట్లో కొని నేనే ఇస్తానన్నాను.

నాయన నా చేతిలోంచి అయోడిన్ తీసుకుని మూత చూసి, మళ్లీ నా సంచిలోనే పెట్టాడు.

"తిరిగి చూస్తే చెల్లదుమ్మా. నా ఒక్కనిదే గాదు, అందురి పోగూ పోతాది" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మర్నాడు నంద్యాల బస్సెక్కాను.

ప్రతిష్ఠకు డాక్టరు కూడా వచ్చాడు. ఊరు ఊరంతా గుడి ముందరే. నల్లరాతి అమ్మవారు పీఠమెక్కి ఉంది, కండ్లు ఉండాల్సినచోట నున్నగా వట్టి రాయి. పెద్దమనుషులు ముందుజాగ్రత్తగా ఇంకో కుర్ర శిల్పిని పిలిపించి పక్కన నిలబెట్టారు. మంత్రాలు పూర్తయ్యేదాకా పనిముట్లు దేవత పాదాల దగ్గర ఉండాలని పూజారి అన్నాడు. నాయన సుత్తి అక్కడ పెట్టి, వచ్చి కూర్చున్నాడు. మంత్రాలు సాగుతూనే ఉన్నాయి. ఒళ్లో ఖాళీ చెయ్యి. అది ఊరుకుంటుందా? అందరూ చూస్తుండగా వేళ్లు ఆడడం మొదలైంది. మునుపటికంటే ఎక్కువే ఆడాయి. ఆడవాళ్లలో ఎవరో అయ్యో అన్నారు.

పెద్దమనిషి ఒకాయన వంగి, వద్దులే అన్నా, పిల్లోనితో చేపిస్తాం అన్నాడు.

నాయన నెమ్మదిగా లేచాడు. లేవడానికే చాలాసేపు పట్టింది.

"పని పట్టుకున్యాక సూడండప్పా నా చెయ్యి. ఊరికే ఉన్నప్పుడు ఎట్ల ఆడితే ఏంది?" అన్నాడు. సుత్తీ ఉలీ తీసుకున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

తెర పట్టారు. దేవత తొలిచూపు తగిలేందుకు ఎదురుగా అద్దం పట్టారు. తెర వెనక ఉలి చప్పుడు మెల్లగా, ఆగి ఆగి, కానీ ఒక్కటి కూడా తడబడకుండా వినబడింది. మునుపు ఆయన అంత నెమ్మదిగా కొట్టేవాడు కాదు. తెర తీసేసరికి అమ్మవారు మా అందరినీ చూస్తోంది. రెండు కండ్లూ సమంగా ఉన్నాయి. ఊరంతా ఒక్క గొంతుతో కేక పెట్టింది. నేను సిగ్గు వదిలేసి డాక్టరు భుజాలు పట్టి ఊపేశాను. మందు పనిచేసింది సార్, పనిచేసింది అని అరిచాను. ఆయన ముఖం వెలిగిపోతోంది గానీ అవునని మాత్రం అనలేదు.

అనుకున్న గడువు నిండాక కర్నూలు స్నేహితుడు నంద్యాలకు వచ్చి ఏ నంబరులో ఏముందో విప్పాడు. డాక్టరూ నేనూ లెక్కలు కట్టాం, మళ్లీ కట్టాం. విటమిన్లు తిన్నవాళ్లకూ నూనె తాగినవాళ్లకూ తేడా కనబడలేదు. జబ్బు అందరిలోనూ తన నడక తాను నడిచింది. మా నాయనకు పడింది నూనే. చెంచు పెద్దాయనకు పడింది అసలు మందు, ఆయన కాలు మునుపటికంటే ఎక్కువ ఈడ్చుకుపోతోంది. ఆ సాయంత్రం నేను వసారాలో కూర్చుని బాగా ఏడ్చాను.

డాక్టరు ఆ వారమే ఆళ్లగడ్డ వచ్చి కొట్టంలో అందరి ముందూ దాచకుండా చెప్పాడు. ఎవరికి ఏం పడిందో చెప్పాడు. పెద్దాయన లేచి, తన సంచిలోంచి మోదుగాకు దొప్పలో తెచ్చిన తేనె తీసి మా నాయన ముందు పెట్టాడు. తేనె పోగు తనకు పడి ఉంటే మైనం పడినవాడికి ఇవ్వాలని ఇంటినుంచే తెచ్చుకున్నాడట. అది పనికిరాని మందని తేలిందని డాక్టరు మళ్లీ చెప్పాడు.

"అట్లయితే మా ఇద్దురిదీ మైనమే" అన్నాడు పెద్దాయన. "పోనీలే సామీ. ఆ చెట్టు మీద పట్టు లేదని తెల్సింది గదా. ఇంగ ఆ చెట్టెక్కే పన్లేదు."

డాక్టరు ముఖం చూడాలి అప్పుడు. మద్రాసులో పెద్దపెద్దవాళ్లు మెచ్చుకున్నా ఆ ముఖం అట్లా వెలిగి ఉండదు. ఇంకా వేరే చెట్లున్నాయని, ఆ కణాలను కాపాడడానికి ఇంకో దారి ఏదో ఉండే ఉంటుందని గడగడా చెప్పుకుపోయాడు. నేనూ అడ్డుపడి చెప్పుకుపోయాను. ఎప్పట్లాగే ఒకరి మాట ఒకరం వినలేదు.

నాయన వేలు ముంచి తేనె నాకాడు. సుత్తి కింద పెట్టి ఉండడం వల్ల ఖాళీ చెయ్యి ఒళ్లో ఆడుతూనే ఉంది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకోవాలని కూడా ఆయన చూడలేదు. దొప్ప పెద్దాయన వైపు జరిపి, డాక్టరును అడిగాడు.

"మళ్లా ఎప్పుడు పంచుతావు సామీ? ఈసారి వీపు తిప్పుకోని నేను కూచుంటా."